చెరువు మందు

ఐదోరోజు పొద్దున హన్నా కట్టు విప్పగానే ధర్మారావుకి ముందు వాసన తెలిసింది. ఆ తర్వాత పక్కమంచం కాంతారావు ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకోవడం కనిపించింది. రొయ్యల చెరువులో అడుగు బురద తిరగబడ్డనాడు గట్టు మీద కొట్టే వాసనే అది, సందేహం లేదు. కాని చెరువు ఎక్కడో బంటుమిల్లి అవతల ఉంది. తనేమో బందరులో, డాక్టర్ పూర్ణచంద్రరావు గారి నర్సింగ్ హోములో, మూడో నంబరు మంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఇంత దూరం ఆ వాసన తనని వెతుక్కుంటూ ఎలా వచ్చిందో ఆయనకి బోధపడలేదు.

హెర్నియా అన్నారు. మేత బస్తాలు ఎత్తగా ఎత్తగా గజ్జల్లోకి పేగు జారిందన్నారు. శుక్రవారం కోసి కుట్టారు, మళ్ళీ శుక్రవారానికి కుట్లు విప్పేస్తామన్నారు. శనివారం పొద్దున్నే చెరువు గట్టు మీద కూర్చుని కాఫీ తాగుతానని ఆయన ఊళ్ళో నలుగురికీ మాటిచ్చి మరీ వచ్చాడు.

హన్నా నలభై ఏళ్ళ మనిషి, సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ఆ ఆస్పత్రిలో పద్నాలుగేళ్ళుగా కట్లు కట్టేది ఆవిడే. నర్సు చదువు చదవలేదు, అందరూ ఆయా అనే అంటారు. ఉడకబెట్టిన పటకారుతో దూది ఉండ అందుకుని, రెండో పటకారుతో కుట్ల మీద మెల్లగా అద్దింది. నాలుగో కుట్టు దగ్గర అద్దగానే లోపల్నుంచి రసి కారింది, రసి వెనక చీము. ఆ చీము కూడా పచ్చగా, పాచిరంగులో ఉంది. దూదిని కిడ్నీ ట్రేలో పడేసి, ఇంకో దూది తీసుకుని, మళ్ళీ అద్దింది. విప్పిన గుడ్డని పారేసే ముందు వెలుతురుకేసి పట్టుకుని చూసింది.

"పసుపు వేస్తున్నారా బాబుగారూ?" అంది.

మంగళవారం కట్టు విప్పినప్పుడు కూడా ఇదే అడిగింది. మంగళవారం చెప్పిన జవాబే చెప్పాడు ధర్మారావు, కళ్ళు పైకప్పు ఫ్యాను మీద పెట్టి. "లేదు హన్నమ్మా. పసుపు కాదు."

అందులో అబద్ధం ఏమీ లేదు మరి. ఆయన వేసుకుంటున్నది పసుపు కాదు. తలగడ కింద, తువ్వాలు మడతలో, న్యూస్ పేపరు పొట్లంలో ఉన్న పసుప్పచ్చ పొడి అది. చెరువు మందు. రొయ్యకి తెగులు తగిలితే తవుడూ చేపనూనే కలిపి, మేతకి పట్టించి చల్లే మందు. బంటుమిల్లిలో బాబూరావు కొట్లో డబ్బాల్లో దొరుకుతుంది. డబ్బా మీద రొయ్య బొమ్మ ఉన్నా, లోపల ఉన్నది మనుషుల మందేనని బాబూరావే చెప్పాడు. ఈ డాక్టర్లు ఇచ్చే ఎర్ర గొట్టం మాత్రల్లోనూ అదే పొడి, కాకపోతే వీళ్ళు చిటికెడు చిటికెడు లెక్కన ఇస్తారు అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం కుట్ల దగ్గర దురద పెట్టింది ధర్మారావుకి. దురద పెడితే పుండు మానుతున్నట్టని పక్కమంచం కాంతారావు చెప్పాడు గాని, ఆయన నమ్మలేదు. భార్య రావమ్మ సాయంత్రం బస్సుకి ఊరెళ్తుంటే, గట్టు మీద పాకలో తొట్టి ఉంది కదా, అందులోది గుప్పెడు కట్టి తెమ్మన్నాడు. రావమ్మ అన్నం క్యారేజీ అడుగు గిన్నెలో పెట్టుకుని తెచ్చింది. అప్పట్నుంచి రోజుకి రెండుసార్లు, మధ్యాహ్నం వార్డంతా కునికిపాట్లు పడుతున్నప్పుడూ, సాయంత్రం కాంతారావు వరండాలోకి నడవడానికి వెళ్ళినప్పుడూ, ప్లాస్టరు ఒక కొస ఎత్తి, రెండు వేళ్ళతో తీసి, కుట్ల మీద చల్లి, కొస మళ్ళీ అంటించేస్తున్నాడు.

అంత మందు వేస్తుంటే కూడా ఈ చీమేమిటి? అదే ఆయనకి అర్థం కానిది. ఆలోచించి ఆలోచించి, వేసేది చాలడం లేదన్న నిర్ణయానికి వచ్చాడు. ఆ మధ్యాహ్నం రెండు వేళ్ళకి బదులు మూడు వేళ్ళతో తీశాడు.

డాక్టరుగారు వచ్చి చూసి మొహం చిట్లించారు. దూదిపుల్లతో చీము అద్ది, చిన్న గాజు గొట్టంలో వేసి, వెనక గదిలో ఉండే ల్యాబు కృష్ణమూర్తి గారికి పంపించారు. రిపోర్టు శుక్రవారం గాని రాదు, ఈలోపు మాత్రలు మారుస్తానన్నారు. రెండు కుట్లు తీసేసి చీము బయటికి పోయే దారి చేశారు. గుమ్మం దాటుతూ హన్నాని పిలిచి ఏదో చెప్పారు. ఆవిడ తల ఊపింది.

మర్నాడు పొద్దున హన్నా ట్రే పట్టుకుని వార్డులోకి వచ్చి, ఒకటో నంబరు కట్టు మార్చింది, రెండు మార్చింది, మూడో నంబరు దగ్గర ఆగకుండా నాలుగో నంబరు కాంతారావు దగ్గరికి వెళ్ళిపోయింది.

కాంతారావు అవనిగడ్డ డిపోలో బస్సు కండక్టరు. వరిబీజానికి కోయించుకున్నాడు, అదీ ధర్మారావుని కోసిన రోజే, అదే బల్ల మీద, అరగంట తేడాలో. ఈ వారంలో ఇద్దరూ బావగారూ బావగారూ అని పిలుచుకునేదాకా వచ్చారు. ఆయన కుట్లు చూడబోతే పెళ్ళికూతురి పట్టుచీర అంచులాగా ఉన్నాయి, ఒక్క పోగు చెదరలేదు. హన్నా ఆయనది ముగించి, అయిదూ ఆరూ కూడా ముగించి, బయటికెళ్ళి మోచేతులదాకా సబ్బుతో రుద్దుకుని, వేరే ట్రే తెచ్చుకుని, అప్పుడు మూడో నంబరు దగ్గరికొచ్చింది.

చీము పట్టిన పుండుని చివర ముట్టుకోవాలి, ముందు ముట్టుకుంటే అక్కణ్ణుంచి మిగిలిన పుళ్ళకి పాకుతుంది. అది ఆస్పత్రి పద్ధతి. డాక్టరుగారు గుమ్మంలో చెప్పిందీ అదే. కాని ఆ సంగతి మూడో నంబరు మంచం వాళ్ళకి ఎవరూ చెప్పలేదు.

పక్కన స్టూలు మీద కూర్చున్న రావమ్మ ఇదంతా గమనించింది. ఊళ్ళో అయితే ఆవిడ గుమ్మంలోకి ఎవరు ఎంతవరకు రావచ్చో, ఎవరికి ఏ గ్లాసులో నీళ్ళివ్వాలో అన్నిటికీ ఒక లెక్క ఉంది. ఇక్కడ ఆ లెక్క సాగక వారం రోజులుగా లోపల్లోపల ఉడుకుతోంది. హన్నా కట్టు కట్టి వెళ్ళగానే తడిగుడ్డతో మంచం పట్టీ తుడిచేది. మంచినీళ్ళ చెంబు ఆవిడ చెయ్యి తగలకుండా కిటికీలో పెట్టేది. హన్నా అది చూడనట్టు చూసేది. ఇవాళ మాత్రం రావమ్మకి అగ్గి మండింది. అందరి పుళ్ళూ కడిగి, ఆ చేత్తోనే చివర్న మాకా? ఆ కండక్టరు ముందూ, మనం వెనకానా?

ఆ మాట డాక్టరుగారి గదిలోకి వెళ్ళి మరీ అంది. గదిలో అన్నది గది తలుపు తీసేసరికే హాల్లోకి వచ్చింది. హాల్లో ఓపీ చీటీలు పట్టుకుని కూర్చున్న పదిమందీ విన్నారు. ఇంటి దగ్గర ఏం ముట్టుకుని వస్తుందో, ఏం తింటుందో, ఆ చేతులతోనే కదా అని రావమ్మ అంటుంటే, బిడ్డని ఆపరేషనుకి తెచ్చిన ఒకావిడ లేచి, వేరే ఆస్పత్రికి పోదామని మొగుడి చెయ్యి పట్టుకు లాగింది. పూర్ణచంద్రరావు గారు చెడ్డమనిషేం కాదు. కాని ఆస్పత్రి ఆయన సొంతం. కోసింది ఆయన చెయ్యి. చీము పట్టింది ఎవరి చేతి వల్లో రేపు ఊళ్ళో అడుగుతారు. ఆ చెయ్యి తనది కాకుండా ఉంటే మంచిదని ఆయనకి ఆ నిమిషంలో అనిపించి ఉంటుంది. రేపట్నుంచి కట్లు కాంపౌండరు పోతురాజు కడతాడన్నారు.

ధర్మారావుకి ఇదంతా మంచం మీదికే వినబడింది. హన్నా చేతులు ఆయన వారం రోజులుగా చూస్తున్నాడు. తను దేవుడికి దణ్ణం పెట్టేటప్పుడు కూడా అన్నిసార్లు కడుక్కోడు. పైగా అవే చేతులు కాంతారావుకి కట్టిన కట్టు అంత శుభ్రంగా మానింది. ఇక్కడేదో లెక్క తప్పుతోందని ఆయనకి తోచింది గాని, ఎక్కడో దొరకలేదు. రావమ్మతో అనబోయి, ఆవిడ మొహం చూసి మానేశాడు.

సాయంత్రం వార్డులో కాలక్షేపానికి కాంతారావు రొయ్యల కథ మళ్ళీ చెప్పమన్నాడు. ధర్మారావు చెప్పాడు. రెండేళ్ళ కిందట, తొంభై అయిదులో, తెల్లమచ్చ తెగులొచ్చి తీరం పొడుగునా చెరువులన్నీ ఊడ్చుకుపోయాయి కదా. అప్పుడు ఆయన ఆ పసుప్పచ్చ మందు నాలుగు డబ్బాలు మేతలో కలిపి చల్లాడట. తెల్లారేసరికి, చచ్చి తేలిన రొయ్యలన్నీ మీసాలు దువ్వుకుంటూ లేచి కూర్చున్నాయట. అందులో ఒకటి గట్టెక్కి వచ్చి, ఆయన పంచె పట్టుకుని లాగి, రెండోపూట మేత ఏదని నిలదీసిందట.

"ఏ భాషలో అడిగింది బావగారూ?" అన్నాడు కాంతారావు.

"తెలుగే బావగారూ. కాస్త ఉప్పునీటి యాస."

వార్డంతా నవ్వింది. నవ్వితే ధర్మారావుకి కుట్లు లాగాయి. చెమట పట్టింది, ఒళ్ళు కాలుతోంది. దుప్పటి కింద మూడు వేళ్ళూ నాలుగయ్యాయి.

శుక్రవారం పోతురాజు కట్టు విప్పాడు. విప్పాడనడం కన్నా పీకాడనడం సబబు. దూది చేత్తోనే తుంపాడు. హన్నా వరండాలో నిలబడి దుప్పట్లు మడతపెడుతోంది, లోపలికి రాలేదు. రావమ్మ కూడా మొగుడి అరుపు విని కళ్ళు మూసుకుంది. పుండు ఇంకో అంగుళం నోరు తెరిచింది. మాత్రలు మార్చినా, ఇంజెక్షన్లు మార్చినా, తగ్గుతున్న జాడ లేదు. ఆ మధ్యాహ్నమే డాక్టరుగారు హన్నాని పిలిచి, రేపు వచ్చి అల్మారా తాళాలు ఇచ్చేసి వెళ్ళమన్నారు. ఆపరేషన్లకి వస్తామన్న ఇద్దరు మళ్ళీ రాలేదట.

సాయంత్రం నాలుగింటికి కృష్ణమూర్తి గారు రిపోర్టుతో బాటు ఒక గాజు పళ్ళెం కూడా పట్టుకుని వచ్చారు. లావుపాటి కళ్ళజోడు, మెత్తటి మాట. వెనక గదిలో ఒంటరిగా పనిచేసే మనిషి కావడంతో ఎవరైనా ఒక ప్రశ్న వేస్తే చాలు, కుర్చీ లాక్కుని కూర్చుంటారు. కాగితం మీద ఇంగ్లీషు రాతలు చూపించబోతే, అదంతా నాకెందుకండీ, పురుగు ఏదీ చూపించండి అన్నాడు ధర్మారావు. దాంతో పళ్ళెం చేతికిచ్చారు.

పళ్ళెంలో అడుగున గంజిలా గడ్డకట్టిన ముద్ద ఉంది. దాని మీద పచ్చటి పాచి పరుచుకుంది. పాచి మధ్యలో చొక్కా బొత్తాల్లాంటి కాగితపు బిళ్ళలు ఎనిమిది. ఒక్కో బిళ్ళలో ఒక్కో మందు ఉందని, ఏ మందుకి ఈ సూక్ష్మజీవి చస్తుందో ఆ బిళ్ళ చుట్టూ గుండ్రంగా ఖాళీ ఏర్పడుతుందని చెప్పారు కృష్ణమూర్తి గారు. ధర్మారావు పళ్ళెం కిటికీకేసి ఎత్తి చూశాడు. ఏడు బిళ్ళల మీదికి పాచి అంచుదాకా వచ్చేసి ఉంది, గేదెలు గడ్డివాము చుట్టూ చేరినట్టు. ఎనిమిదోదాని చుట్టూ మాత్రం చిన్న ఖాళీ.

"ఒక్కటే పనిచేస్తుందా?"

"ఒక్కటే. ఇవాళ సాయంత్రం నుంచి ఆ ఇంజెక్షను మొదలుపెడతారు. ఇది సామాన్యంగా మన వార్డులో కనిపించే రకం కాదు ధర్మారావుగారూ. ఇన్ని మందులు తిని అరాయించుకున్నదంటే, ఎక్కడో వాటి మధ్యే పుట్టి పెరిగింది. మీరు ఇంటి దగ్గర ఏమైనా మందులు వాడేవారా?"

ఆ ప్రశ్నకి ధర్మారావు మొహం విప్పారింది. వారం రోజుల నుంచి తన మందు గొప్పదనం ఒక చదువుకున్నవాడికి చెప్పుకునే అవకాశం లేక గింజుకుంటున్నాడు. తలగడ కింద నుంచి పొట్లం తీసి, మడతలు విప్పి, అరచేతిలో పెట్టి చూపించాడు. మీ డాక్టరుగారి బిళ్ళలు ఓడిపోయినా ఇది పనిచేస్తోందనీ, ఇది లేకపోతే తన పని ఈపాటికి అయిపోయి ఉండేదనీ చెప్పాడు. జ్వరమొచ్చినా ఇదే, రెండు పూటలు తేనెలో వేసుకుంటే దిగిపోతుంది. తగ్గాక ఎవడు మింగుతాడు, ఆపేస్తాను అన్నాడు.

కృష్ణమూర్తి గారు వంగి ఆ పొట్లం చూశారు. పొడి అక్కడక్కడా తేమకి ఉండకట్టి ఉంది. తవుడు రేకలు కలిసి ఉన్నాయి. చేపనూనె వాసన వస్తోంది. ఇందులోది ఒక చిటికెడు తీసుకెళ్ళనా అని అడిగారు. గుప్పెడు తీసుకెళ్ళమన్నాడు ధర్మారావు ఉదారంగా.

శనివారం పొద్దున ఆయన మళ్ళీ వచ్చారు. ఈసారి చేతిలో రెండు పళ్ళేలు. ఒకటి నిన్నటిది. రెండోదాంట్లో కూడా అదే పచ్చటి పాచి, అదే వాసన. అది ధర్మారావుగారి పుండులోది కాదనీ, పొట్లంలో పొడిలోదనీ చెప్పారు.

ధర్మారావు ఒక పళ్ళెం చూశాడు, ఇంకో పళ్ళెం చూశాడు. మందులో పురుగు. పురుగుని చంపే మందులో పురుగు కాపరం పెట్టడం ఎలా కుదురుతుంది? ఉప్పుకి చెద పట్టిందంటే నమ్మినట్టే ఇదీనూ. అదే అడిగాడు.

"మీకు వరి ఉందా?" అన్నారు కృష్ణమూర్తి గారు.

"చెరువులు తవ్వకముందు ఉండేది."

"సుడిదోమకి మందు కొట్టేవారా?"

కొట్టేవాడు. మొదటేడు ఒక డబ్బాకి దోమ రాలిపోయింది. రెండో ఏడు రెండు డబ్బాలు. మూడో ఏడు పీపాడు కొట్టినా దోమ దుబ్బు మొదట్లో కూర్చుని తల దువ్వుకుంది. అందులో మాత్రం అతిశయోక్తి పెద్దగా లేదు. అంటే మందుకి చావని దోమే మిగిలి పెరిగింది. గట్టు మీద తొట్టి కళ్ళ ముందు కనపడింది. మూత లేని తొట్టి. చెరువు నీళ్ళలో ముంచిన చేత్తోనే పొడి తీయడం, అదే చేత్తో కలపడం, మిగిలింది మళ్ళీ తొట్టిలో పోయడం. మూడేళ్ళుగా.

"తెల్లమచ్చ వచ్చిన ఏడు ఇది పనిచేసిందన్నారుట. వార్డులో చెప్పుకుంటున్నారు. ఎన్ని బతికాయి?"

 స్టూలు మీద రావమ్మ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నేలకేసి చూస్తోంది.

"ఒక్కటి లేదండి," అన్నాడు ధర్మారావు. "చెరువు మొత్తం పోయింది."

"మరి ఇంకా ఎందుకు వేస్తున్నారు?"

"మరి ఇంకేం వేస్తామండీ?"

కృష్ణమూర్తి గారు పళ్ళేలు తీసుకుని లేచారు. డాక్టరుగారికి తను చెప్పనా, మీరు చెప్తారా అని మాత్రం అడిగారు. తనే చెప్తానన్నాడు ధర్మారావు. ఇంతలో వరండాలో తాళాలగుత్తి చప్పుడైంది. అల్మారాలో గుడ్డలు లెక్కపెట్టి పోతురాజుకి అప్పజెబుతోంది హన్నా.

డాక్టరుగారి గదికి ఇరవై అడుగులు. ధర్మారావు పొత్తికడుపు చేత్తో పట్టుకుని, గోడ ఆసరాతో నడిచాడు. చెప్పాడు. పొట్లం బల్ల మీద పెట్టాడు. పూర్ణచంద్రరావు గారికి ముందు కోపం వచ్చింది, తర్వాత ఊపిరి ఆడింది, ఆ తర్వాత చిరాకు మిగిలింది. తనకి తెలిసినంత మాత్రాన ఏం లాభమన్నారు. ఆయా చేతులు మంచివి కావని మీ ఆవిడ హాలంతా వినేలా చెప్పింది. విన్నవాళ్ళు ఊరంతా చెప్పారు. ఇప్పుడు మళ్ళీ అదే మనిషిని పెట్టుకుంటే ఎవరొస్తారు? వెళ్ళి వాళ్ళకి చెప్పండి ముందు అన్నారు.

సరే, అదెంత పని అనుకున్నాడు ధర్మారావు. పదిమందికి చెప్పడం ఆయనకి పుట్టుకతో వచ్చిన విద్య. హాల్లోకి వెళ్ళి, బెంచీ అంచు పట్టుకుని నిలబడి, మొదలుపెట్టాడు. రోగులు, రోగుల తాలూకు వాళ్ళు, గాలి కోసం బయటికొచ్చిన కాంతారావు, అందరూ ఆయన వైపు తిరిగారు. మూడో నంబరు మంచం రొయ్యలాయన కథ చెప్తున్నాడంటే పక్క వార్డు నుంచి కూడా ఇద్దరు వచ్చారు.

"హన్నమ్మ తప్పేం లేదండీ. చీము నేను పట్టించుకున్నదే. రొయ్యల మందు తెప్పించుకుని కుట్ల మీద నేనే చల్లుకున్నా. ఆ మందులోనే పురుగుంది. నేను కళ్ళారా చూశా."

 ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు బెంచీ బెంచీకి అంటుకుంది. మందులో పురుగట. ఆ పురుగు కూడా మేత అడిగిందా అన్నారు ఒకరు. దానికి మీసాలున్నాయా అన్నారు ఇంకొకరు. ధర్మారావు ఒట్టు పెట్టాడు. ఒట్టు పెట్టేసరికి ఇంకా నవ్వారు. కాంతారావు వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "మీ మనసు మంచిది బావగారూ. ఆయా మీద జాలితో ఎంత కథ కట్టారు," అన్నాడు, కళ్ళు తుడుచుకుంటూ.

జన్మలో మొట్టమొదటిసారి ధర్మారావుకి నవ్వించడం ఇష్టం లేకపోయింది. ఎలా ఆపాలో తెలియలేదు. నిజం చెప్పినప్పుడు గొంతు ఎలా ఉంటుందో, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో, అలవాటు తప్పినట్టుంది. బెంచీ మీద కూలబడ్డాడు. జనం ఎవరి చీటీల గొడవలో వాళ్ళు పడ్డారు.

హన్నా తాళాలు బల్ల మీద పెట్టి, తన అన్నం డబ్బా, గొడుగు తీసుకుని బయల్దేరింది. హాలు దాటుతూ ఆయన ముందు ఆగింది. ఆవిడ మొత్తం విన్నది. మొహంలో నవ్వూ లేదు, కోపమూ లేదు.

"మీరు చెప్పొద్దండి బాబుగారూ," అంది. "రాసివ్వండి."

గుడివాడలో ఒక ఆస్పత్రిలో కట్లు కట్టేవాళ్ళు కావాలన్నారట. పద్నాలుగేళ్ళ తర్వాత బందరు ఎందుకు మానేశావంటే ఏం చెప్పాలి? వెళ్ళకముందే ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. నోటి మాట ఆవిడకి వ్యతిరేకంగా ఎంత దూరం వెళ్ళిందో తెలుసు, అనుకూలంగా ఈ హాలు కూడా దాటలేదు. కాగితం కావాలి. అదీ రెండు. ఒకటి డాక్టరుగారికి, ఒకటి తనకి.

కృష్ణమూర్తి గారు తెల్లకాగితాలూ పెన్నూ ఇచ్చారు. ధర్మారావు రాయడం మొదలుపెట్టాడు. అయిదో క్లాసు చేతిరాత, వంకరగా ఉన్నా పట్టుదలగా సాగింది. మూడు కాగితాలు నిండాయి. తొంభై అయిదు తెగులు దగ్గర మొదలుపెట్టి, బాబూరావు కొట్టు మీదుగా, సుడిదోమ దాకా వచ్చి, ఇంకా ఆస్పత్రిలో అడుగు పెట్టలేదు. హన్నా నిలబడే చదివింది, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ. మూడో కాగితం చివరికి వచ్చి తల ఎత్తింది.

"రొయ్యలు వద్దండి," అంది.

"అవి లేకపోతే సంగతెలా తెలుస్తుందమ్మా?"

"నా చేతుల సంగతి రాయండి చాలు."

నాలుగోది అయిదు వాక్యాలు వచ్చింది. కుట్ల మీద రొయ్యల మందు నేనే చల్లుకున్నాను. చీము ఆ మందు వల్ల పట్టింది. ల్యాబులో పరీక్ష చేసి చూపించారు. కట్టు కట్టిన హన్నా చేతి వల్ల ఏ తప్పూ జరగలేదు. ఆవిడ రెండుసార్లు అడిగినా నేను నిజం చెప్పలేదు. అయిదో వాక్యం దగ్గర పెన్ను చాలాసేపు ఆగింది. పసుపు కాదు కాబట్టి అది అబద్ధం కాదని మొన్నటిదాకా అనుకున్నాడు. ఇప్పుడు కాగితం మీద చూస్తే అలా లేదు. చూసి రెండోది రాశాడు. రెండింటి కిందా సంతకం పెట్టాడు.

హన్నా కాగితాలు తీసుకోలేదు. రావమ్మ వంక చూసింది. అప్పుడే క్యారేజీ కడుక్కుని వచ్చి గోడకి ఆనుకుని నిలబడి ఉంది రావమ్మ.

"అమ్మగారు కూడా పెట్టాలండి. హాల్లో అన్నది అమ్మగారు."

 ముప్పై ఏళ్ళ కాపరంలో రావమ్మ అన్న మాట వెనక్కి తీసుకోవడం ధర్మారావు చూడలేదు. ఎవరూ చూడలేదు.  హాల్లో కొందరు ఇటే చూస్తున్నారు. ఇంకా నవ్వే ఉద్దేశంతోనే చూస్తున్నారు గాని, ఎవరూ నవ్వలేదు.

"నేనే తెచ్చాను," అంది రావమ్మ. ఎవరితో అందో తెలియలేదు. "ఆ పొడి. క్యారేజీలో పెట్టి. మందే కదా అనుకున్నా." కాగితాల వంక చూసి, "నాకు రాయడం రాదు," అంది.

కృష్ణమూర్తి గారు తన గదిలోంచి రబ్బరుస్టాంపుల ఊదారంగు సిరా పెట్టె తెచ్చారు. నేను తెచ్చిన మందే అని రావమ్మ తరఫున ఇంకో వాక్యం రెండు కాగితాల్లోనూ ఇరికించాడు ధర్మారావు. రావమ్మ బొటనవేలు ముందుకు చాచి అలాగే ఉండిపోయింది. ఆ వేలు ఇదివరకు పట్టాదారు పుస్తకం మీద, చీటీపాట కాగితం మీద పడింది గాని, ఇలాంటి కాగితం మీద పడలేదు. ఎంత నొక్కాలో తెలియడం లేదు. హన్నా ఆ మణికట్టు పట్టుకుంది. వేలిని సిరా మీద ఒక పక్క నుంచి ఇంకో పక్కకి దొర్లించి, కాగితం మీద పెట్టి, మళ్ళీ అలాగే దొర్లించింది. రెండో కాగితం మీద కూడా. రావమ్మ చెయ్యి వెనక్కి లాక్కోలేదు.

ఒక కాగితం కృష్ణమూర్తి గారు లోపలికి తీసుకెళ్ళారు. రెండోది హన్నా ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూర్చుంది, పద్నాలుగేళ్ళలో రోగులు కూర్చునే ఆ బెంచీ మీద ఆవిడ కూర్చోవడం ఎవరూ చూడలేదు. రావమ్మ పక్కనే, ఊదారంగు వేలు దేనికీ తగలకుండా గాల్లో ఎత్తి పట్టుకుని నిలబడింది. కాస్త జరిగి చోటిచ్చింది హన్నా. రావమ్మ కూర్చోనూ లేదు, పక్కకి వెళ్ళనూ లేదు.

అయిదు నిమిషాలు గడిచాయి. డాక్టరుగారి గదిలోంచి మామూలు గొంతు, ఏమీ జరగనట్టే వినిపించింది. పొరపాటైందని గాని, రేపట్నుంచి రమ్మని గాని లేదు అందులో.

"హన్నా, మూడో నంబరు కట్టు విప్పాలి. ట్రే తీసుకురా."

ధర్మారావు లేవబోయాడు. పోతురాజు వరండాలోంచి తాళాలగుత్తి పట్టుకుని పరుగెత్తుకొచ్చి హన్నా ముందు చాచాడు. ఆవిడ అందుకోలేదు. కాగితం రెండు కొసలూ పట్టుకుని, ఊదారంగు గీతల మీద మెల్లగా ఊదుతోంది.

"ఒక్క నిమిషం ఆగండి డాక్టరుగారూ," అంది తలెత్తకుండానే. "వేలిముద్ర ఇంకా ఆరలేదు."